అర టికెట్

ఇరవై తొమ్మిదేండ్లు పీలేరు డిపోలో కండక్టర్ని.
ఐదు నిండితే అర, పన్నెండు దాటితే ఫుల్లు.
తల్లులు వయసు దాచితే
ఒళ్ళో పిల్లోళ్ళే బయట పెట్టేసేవాళ్ళు:
"నాకు ఏడేండ్లు అక్కా!"
పిల్లల మాట నమ్మడం నాకు
ఆడ పడిన అలవాటు.

ఇప్పుడు నెలకు రెండు మంగళవారాలు
తిరుపతిలో, బాలల సంక్షేమ కమిటీ ముందు
బిడ్డ పక్క కుర్చీలో కూర్చుంటా.
జీతం లేదు. నల్లకోటు లేదు.
ఫైల్లో నా పేరు ముందర
'సహాయక వ్యక్తి' అని రాసినారు.
"ఏం చేస్తావు నువ్వు ఆడ?" అనడిగినాడు మా ఆయన.
చానాసేపు ఆలోచించి చెప్పినా:
"దిగాల్సిన చోటు దాటిపోకుండా చూస్తా."

యామినికి తొమ్మిది. తమ్ముడు మునికి మూడు.
బస్టాండులో దొరికినారు,
పద్నాలుగో ప్లాట్‌ఫారం, కుప్పం బస్సు ఆగే తావున.
పోలీసు కాగితంలో, గుర్తింపు చిహ్నాల గడిలో,
పిల్లోడికి 'గుండు' అని ఉంది.
తిరుపతిలో!
కొండ దిగే ఏ బస్సు తలుపు తీసినా
యాభై గుండ్లు, గంధం ఆరకుండా.

మళ్ళీ పోయి రాయించినా:
ఎడమ చెవి కింద కాలిన మచ్చ.
అక్క చెవితమ్మె పట్టుకుంటే గాని నిద్రపోడు.
గుమస్తా పెన్ను ఆపినాడు.
"ఇది గుర్తు కిందకు రాదు కదమ్మా."
"రాయి నాయనా.
వాడి దగ్గర ఉండేది అదొక్కటే."

కమిటీ వాళ్ళు చెడ్డోళ్ళు కారు.
టేబుల్ మీద ముప్పై ఆరు ఫైళ్ళు,
ఫ్యాన్ గాలికి అట్టలు లేస్తా ఉంటే
పేపర్‌వెయిట్లు చాలక ఒకాయన
సెల్‌ఫోన్ పెట్టుకున్నాడు.
పెంచుకోను ముందుకొచ్చిన ఇండ్లు రెండు.
చంద్రగిరిలో వాళ్ళు ఆడపిల్ల అన్నారు.
రేణిగుంటలో వాళ్ళు పసోడైతే చాలన్నారు.
లెక్క సరిపోయింది.

లెక్క సరిపోతేనే నాకు దిగులు.
బ్యాగులో చిల్లర పైసాతో సహా కుదిరిన రాత్రే
ఎవుడో ఒకడు టికెట్ లేకుండా
దిగిపోయి ఉంటాడు.

లేచి నిలబడినా.
రెండు అరలు రెండు బస్సులెక్కిస్తే
ఫుల్లు ఎట్లవుతుందయ్యా అని అడగాలనుకున్నా.
నోరు ఎండిపోయి,
చెవి సంగతొకటే చెప్పి కూర్చున్నా.

మేడం కండ్లద్దాలు తీసి
మొదటిసారి ఫైలును కాకుండా పిల్లను చూసింది.
"నువ్వేమంటావమ్మా?"
యామిని కింది గచ్చును చూస్తా అనింది:
"ఆడ వాడికి చెవి ఎవురిస్తారు?"

ఎవరూ ఏమీ రాసుకోలేదు కాసేపు.
వాయిదా. రెండు వారాలు.
ఇద్దరికీ ఒకే గడప వెతకమన్నారు.

వరండాలో నా కొంగు పట్టుకుంది.
"మళ్ళా వొస్తావా అవ్వా?"
వొస్తానని అన్లేదు నేను.
వొస్తామన్నోళ్ళను నలుగురిని చూసేసింది ఆ పిల్ల.
పర్సులో పొద్దుటి టికెట్ ఉంటే
దాని వెనక తేదీ రాసి చేతిలో పెట్టినా.

ఆ రోజు రానే వచ్చింది.
భాకరాపేట ఘాట్‌లో మామిడికాయల లారీ
అడ్డంగా పడింది. బస్సు కదల్లేదు.
నా సర్వీసంతా ఎంతమంది
"ఎంతసేపమ్మా" అని నన్ను తిట్టినారో
వాళ్ళందరి నోరూ ఆ పొద్దు నాకొచ్చింది.

పరుగెత్తి మెట్లెక్కితే
పైమెట్టు మీద యామిని, చెయ్యి చాపి:
"టికెట్."
ఇచ్చినా.
తిప్పి చూసింది, మళ్ళీ తిప్పి చూసింది,
తన దగ్గర నలిగిన దాని పక్కన పెట్టి
తేదీ సరిచూసింది.
"ఇరవై నిమిషాలు లేటు."

బెంచీ మీద ముని నిద్రపోతా ఉన్నాడు,
చెయ్యి గాల్లో, చెవి కోసం.
పోయి వాడి పక్కన కూర్చుని తల వంచింది.
ఇంకో పక్క నాకు చోటిచ్చింది.

"కూర్చో అవ్వా.
మనల్ని ఇంకా పిలవలేదులే."