వీసమెత్తు చలి

సిరొంచ దవాఖానలో
టీకాల పెట్టె పక్కన స్టూలు మీద కూర్చొని
రాత్రి పదకొండింటికి కెర్నెల్ కంపైల్ చేస్తున్నాను.
బయట మే నెల. ప్రాణహిత ఇసుక
పగలు మింగిన ఎండని ఇంకా కక్కుతూనే ఉంది.
లోపల, రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య,
ఈ తాలూకా పసిపిల్లల ఏడాది
గాజు సీసాల్లో పడుకుని ఉంది.

ఒకే తీగ. తీగకి పదకొండు సెన్సర్లు,
చింతగింజంతవి, అరకొకటి.
ఒక్కోదానికీ నాలుగు రకాల చూపులు తెలుసు.
డ్రైవర్ రాసినవాళ్లెవరో ఒక్క చూపే చాలనుకున్నారు:
ఎప్పుడడిగినా ముప్పావు సెకను ఆగాలి,
డిగ్రీలో పదహారో వంతు దాకా గీకి చెప్పాలి.

"తలుపు తీసి, సీసా తీసి, మూసిన గూడా,"
అంది నర్సు దుర్గం శకుంతలాబాయి,
"ఇది ఇంకా నాలుగో అర కాడ్నే నిలవడ్డది.
ఏం చూస్తది బిడ్డా అంతసేపు?"

గొప్పగా చెప్పాను. డిగ్రీలో సగం,
అందులో సగం, దాంట్లో సగం, మళ్లీ దాంట్లో...
"అర, పావు, పరక, వీసం అనరాదూ!
అంకీస అంగట్ల మా అవ్వ ఇప్పపువ్వు అమ్మేది.
బంగారానికి వీసం చూస్తరు.
పువ్వుకు అర చాలు.
పువ్వుకు గూడ వీసం చూసుకుంట కూసుంటే
పొద్దు గూకుతది, పువ్వు వాడుతది."

ఆ మాటనే కోడ్‌గా రాశాను.
రిజిస్టర్లో ఐదో బిట్టు, ఆరో బిట్టు.
రెండూ సున్నాలైతే అర, రెండూ ఒకట్లైతే వీసం.
బయటికి ఒక చిన్న ఫైలు, కిటికీలాగా:
తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏదైనా రాయొచ్చు,
పదమూడు రాస్తే తిప్పి పంపుతుంది.
ఏమీ రాయనివాళ్లకి పాత లెక్కే.
ముప్పై ఏడు లైన్లు.
అద్దంలో చూసుకున్నట్టు రెండుసార్లు చదువుకున్నాను.

మూడో రాత్రి కరెంటు ఒక్క రెప్ప వేసింది.
సెన్సర్ నేను నేర్పింది మరిచిపోయి
పుట్టుబుద్ధికి పోయింది,
తాపీగా వీసాలు లెక్కపెట్టుకుంటోంది.
నా డ్రైవరేమో అరకి సరిపడా
తొంభై నాలుగు మిల్లీసెకన్లే ఆగి
చెప్పు, చెప్పు, అని మీద పడింది.
ఇంకా కొలవనే కొలవనిది
ఏం చెబుతుంది?
లేచీ లేవగానే నోట్లో ఉండే అంకె చెప్పింది:
ఎనభై ఐదు.

ఊరంతా వినేలా అలారం.
శకుంతలాబాయి చెప్పుల్లేకుండా ఉరికొచ్చింది.
తలుపు సందులోంచి మోచెయ్యి దూర్చి
ఒక్క క్షణం ఉంచి, తీసి,
"పెట్టె సల్లగనే ఉంది.
కాలుతున్నది నీ నెత్తి," అని
చాయ్ పెట్టడానికి పోయింది.

తెల్లారేదాకా సరిచేశాను.
చెప్పిన మాట, కరెంటు పోయినా మరవని చోట రాయించి,
ఎంత సన్నగా అడిగితే అంతసేపు ఆగేలా.
ఇంకొకటి కూడా ఉంది, ఎవరూ అడగనిది:
అరతో కొలిచినప్పుడు కింది మూడు బిట్లలో
ఏముంటుందో చిప్పు చేసినవాళ్లూ పూచీపడరు.
పాత చెత్తో, పక్క గాలో.
అదీ అంకెలాగే కనబడుతుంది,
నాలుగు దశాంశాలతో, నిజంకన్నా నమ్మకంగా.
దాన్ని తుడిచెయ్యడానికి ఒక్క లైను.
ఆ ఒక్క లైను రాస్తుంటే
ఇన్నాళ్లూ నేను ఎన్నిచోట్ల
తుడవకుండా మాట్లాడానో గుర్తొచ్చింది.

ఇప్పుడు టీకాల రోజు పొద్దున్నే
తొమ్మిది అని ఆమే కొడుతుంది, ఒక్క వేలితో.
సాయంత్రం తాళం వేసేముందు పన్నెండు.
రిజిస్టర్ పుస్తకంలో మాత్రం
పెన్సిలుతో "అర", "వీసం" అని రాసుకుంటుంది.

నిన్న వరండాలో వరస.
పిల్లల నుదుటి మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తూ పోతోంది,
తాకీ తాకనట్టు, తరువాత, తరువాత.
మడావి వాళ్ల పిల్ల దగ్గర ఆగింది.
చెయ్యి తియ్యలేదు. కళ్లు మూసుకుంది.
వరసంతా కదలకుండా నిలబడింది.

ఎంతసేపో
నేను లెక్కపెట్టలేదు.