మూడు నుంచి నాలుగు దాకా

గేటుకు అంటిచ్చిన కాయితం కింద మైదా ఇంకా తడారలే.
బడికి పోయే పిల్ల సదివింది,
మాకోసం ఇంకోసారి, నిమ్మలంగ:
మంగళ, శుక్రవారాల ఆడోళ్ల ఉచిత గంట రద్దు.
ఇకనుంచి మనిషికి గంటకు ఎనభై రూపాయలు.
కింద బల్దియా ముద్ర,
నీళ్లల్ల పడ్డట్టు అలుక్కపోయింది.

ఎనభై అంటే నాకు ఎనిమిది జతల ఇస్త్రీ.
రుఖియాకు నాలుగు చీరెల ఫాల్.
ఎస్తేరమ్మకు నాలుగు రోజుల మోకాళ్ల గోలీలు.
ఎవ్వరం పైకి అనలే.
సంచులు, లోపల మడిచిన లెగ్గింగు, పాత చుడీదార్, తువ్వాల,
ఒక చేతికెళ్లి ఇంకో చేతికి మారినయ్, అంతే.
గేటు సందులకెళ్లి నీళ్లు కనవడుతున్నయ్.
ఊకెనే ఉన్నయ్.

ఇస్త్రీ డబ్బ ముందట ఇరవై రెండేండ్లు నిలవడ్డ ఒళ్లు నాది.
నాకు నీళ్లంటే బిందె,
ట్యాంకర్ పైపు కాడ మోచేతి పోటు,
బట్టల మీద చల్లే చిటికెడు.
అవి మనిషిని మోస్తయని
నలభై మూడో ఏట తెలిసింది.

హర్జీత్ మేడం నేర్పింది.
సిక్ ఛావునీ కెళ్లి స్కూటీ మీద వచ్చేది, జడ టోపీల దోపుకొని.
మొదటి రోజు నేను చేతులతోని దబదబ బాదుతుంటే
మణికట్టు పట్టుకొని ఆపింది:
"నీళ్లను కొట్టకు. అవి నీకేం బాకీ లేవు."
ఎల్లకిల తేలిన.
చెవులు మునిగితే బస్తీ లొల్లంత బందైంది.
పైన రేకుల కప్పు, ఒక పావురం,
కడుపుల నా ఊపిరి చప్పుడు.
పెండ్లైనంక ఎవ్వరూ నన్ను ఏమీ అడగని
మొదటి అర నిమిషం అది.

వార్డు ఆఫీసుకు పోయినం, పద్నాలుగు మందిమి.
"లాసమ్మా, క్లోరిన్ బిల్లు, మోటర్ బిల్లు" అన్నడు సారు.
మంచిగనే అన్నడు, కుర్సీలు గూడ ఏపిచ్చిండు.
ఆయన ఎనక కిటికీల పెద్ద రోడ్డు,
డివైడర్ మీద కొత్తగ నాటిన ఖర్జూరపు చెట్లు,
ట్యాంకర్ వాటికి నీళ్లు పడుతున్నది.
రుఖియా నా కాలు తొక్కింది.
నేను గూడ సూసిన.

ఒక్కసారే తియ్యలే ఏదీ.
లైబ్రరీల మొదలు పేపర్లు తగ్గినయ్,
తర్వాత పంక తిరుగుడు బందైంది,
ఇప్పుడు తాళం గూడ తుప్పు పట్టింది.
బస్తీ దవాఖానల షుగర్ పరీక్ష సోమవారం మట్టుకే;
మిగిలిన రోజులు షుగర్ ఆగాలె మరి.
మేడం కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోయింది.
పోరగాండ్ల ఆదివారం పొద్దుగాల గంట గూడ పోయింది గని
ఎండ పోలేదు గద.
వాళ్లు మౌలాలి అవతలి క్వారీ గుంతకు పోవుడు షురూ చేసిన్రు.

ఆదివారం నేను బట్టల దండెం ఇప్పిన,
నలభై అడుగుల నైలాన్ తాడు,
మూపున ఏసుకొని పోయిన.
నాకంటె ముందే బండ మీద ఒక ఆడమనిషి,
మెడల పాత విజిల్.
"జీతమిస్తరా మేడం?" అన్న.
"గప్‌చుప్ కూసో. తలకాయలు లెక్కవెట్టు."

పదకొండు. పదకొండు.
ఆకుపచ్చ నీళ్లు, అడుగు ఎంతున్నదో ఎవ్వనికి ఎరుక లేదు.
పదకొండు.
పది.

విజిల్ ఆమె పండ్ల నడుమకు పోయింది.
తాడు కొస చేతికి సుట్టుకొని లేచిన,
చెప్పులు ఎప్పుడు ఇడిసిన్నో యాదికి లేదు.
బండ అవతలికెళ్లి
పదకొండోది లేచింది,
ముక్కుల నీళ్లు చీదుకుంట, నవ్వుకుంట.

ఆమె ఊదలే.
నా మణికట్టు దొరకవట్టుకున్నది.
ఇద్దరి చేతులు ఒక్క తీర్గ వణుకుతున్నయ్.

మళ్ల మొదటికెళ్లి లెక్కవెట్టినం.