పంటిగాటు

ఈ ఏడాది పదకొండు కొన్నాను.
పెర్సిదాకు చెప్పింది నాలుగు.
మిగతా ఏడూ పాత క్లినిక్ డబ్బాలో, దూది కింద
ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాయి.

సావా నది మీద మంచు ఇంకా లేవలేదు.
మిత్రోవిత్సలో డిసెంబరు పొద్దు
తీరిగ్గా వస్తుంది, వచ్చిందే తడవు పోతుంది.
కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వంగిన దీపం.
ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి పళ్లు గీకిన పనిముట్లే
ఇప్పుడు పదిహేడు వందల ఏళ్ల పాచి గీకుతున్నాయి.
రోగి అరవడు. అదొక్కటే తేడా.

ముందు ప్రోబస్.
ఈ ఊళ్లోనే పుట్టాడంటారు, ఈ ఊళ్లోనే చంపేశారంటారు.
మార్చిలో నోవీ సాద్ సంతలో దొరికాడు.
మూడు వేల దినార్లన్నాడు, రెండు వేల రెండొందలకి దిగాడు.
వెండిపూత చెవి వెనక మాత్రం మిగిలింది,
తలంటుకున్నా వదలని సున్నిపిండిలా.
ఒక చక్రవర్తిని బేరమాడి, రుమాల్లో చుట్టి,
బస్సులో ఇంటికి తెచ్చుకోవడంలో
సిగ్గుపడాల్సినంత సంతోషముంది.

ఫౌస్టినా వేలంలో వచ్చింది,
అర్ధరాత్రి దాటాక, ఒక్కణ్ణే గుటకలు మింగుతుంటే.
ఆ కొప్పు చూడాలి,
పాయకు పాయ తెలుస్తుంది, దువ్వెన పళ్ల జాడతో సహా.
పెర్సిదా భూతద్దం లాక్కుని చాలాసేపు చూసి
"ఈ ముడి వేసిన పిల్ల పేరు ఎక్కడుంది?" అంది.
తిప్పి చూశాను.
బొరుసు మీదా లేదు.

మేలో ఒక దొంగనాణెం.
ఇప్పటి దొంగ కాదు, అప్పటి దొంగే.
నది అవతల ఎవడో కమ్మరి చదువురాని చేత్తో చెక్కాడు.
అక్షరాలుండాల్సిన చోట పుల్లలు పేర్చాడు,
రాజుగారికి కోడిముక్కు పెట్టాడు.
ఏ సంతలోనైనా చెల్లిందో లేదో,
నాకు మాత్రం చెల్లింది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏమీ కొనలేదు.
మోకాలి ఆపరేషను.

ఇక ఇది.
బల్ల చివర, అన్నిటికీ ఎడంగా పెట్టినది.
చేపలమ్మే ఒబ్రాద్ వాళ్ల తాత గుండీల డబ్బాలో ఉండేదట.
"వంకరపోయింది, ఎవడూ కొనడు,
కార్పు చేప తీసుకో, ఇది కొసరు" అన్నాడు.
పల్చటి వెండి, ఎండిన తమలపాకంత పల్చన.
ముఖం పూర్తిగా అరిగింది. ఏ దొరవారో నాకూ తెలీదు.
అంచున పైవైపు రెండు నొక్కులు, కిందివైపు ఒకటి.
దీన్ని నాణేల పుస్తకాలు లోపం అంటాయి.
నేను ఏ పుస్తకమూ తెరవలేదు.
వేలితో తడమగానే తెలిసింది:
పైన కోరపన్ను, దాని పక్కది,
కింద ఒక ఖాళీ, ఆ ఖాళీలోకి ఒరిగిన పన్ను.
ఒక పక్కనే నమిలే మనిషి.
రెండో పక్క సలుపు కాబోలు.
చిన్న దవడ.
ఆడమనిషి కావచ్చు, పదమూడేళ్ల పిల్లాడూ కావచ్చు.

కూలి పుచ్చుకుని నమ్మకం చాలక కొరికి చూసిందా,
రెండు చేతులా మూటలుంటే నోట కరుచుకుని నదిలో దిగిందా,
ఎవరో తన ఒంట్లోంచి ఏదో లాగుతుంటే
అరుపు బయటపడకుండా పళ్ల మధ్య పెట్టుకుందా?
నా కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ
నన్ను ఇన్నాళ్లు ఆలోచనలో పెట్టలేదు.

అలవాటు పోదు కదా, సొరుగులోంచి పాత కార్డు తీశాను.
పేరు దగ్గర గీత పెట్టాను. వయసు దగ్గర ప్రశ్న.
కింది పళ్ల వరసలో లేని పన్నుకు సున్న చుట్టాను.
"మళ్లీ ఎప్పుడు రావాలి" అన్న గడి దగ్గర
పెన్ను కాసేపు అలాగే నిలబడింది.

పెర్సిదా లెక్క పట్టేసింది, పదకొండూ.
ఏమీ అనలేదు. ఈ వంకరదాన్ని అరచేతిలో వేసుకుని
"ఇది ఎంత?" అని అడిగింది.
ఒక చేప, అన్నాను.
"మరి చేపేది?"

చేప ఒబ్రాద్ బల్ల మీదే మర్చిపోయాను,
అక్టోబరులో.