వేలెడు లోతు బోరు

ఇరవై రెండేళ్ళు
తిరుచెంగోడు బండి మీద రాడ్లు మోశాను.
పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట...
ఈ చుట్టుపక్కల నేను పొడవని నేల తక్కువ.
అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోటల్లా
ఆరున్నర అంగుళాల నోరు తెరిచాం.
ఆరొందలు. ఎనిమిదొందలు. వెయ్యి అడుగులు.
పొడి లేచేది,
రాయిని కాల్చి పొట్టు చేసినట్టు.
ఇంకో రాడ్డు దించండన్నా, అనేవాడు రైతు.
ఇంకో రాడ్డంటే ఇంకో గాజని
గెనిమ మీద కూర్చున్న ఆడమనిషికి తెలుసు.

చెంగల్రాయప్ప కయ్యలో నాలుగో బోరూ పోయిన రాత్రి
ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు.
కూర్చోబెట్టి అందరికీ సంగటి పెట్టించాడు.
చెనిక్కాయల ఊరుబిండి బాగుందన్నాను నేను.
ఎందుకన్నానో ఆ మాట,
ఇప్పటికీ తలకొట్టుకుంటాను.

బండి దిగేసరికి చెవులు సగమే మిగిలాయి.
ఈగ రొద నాకు వినపడదు.
అందుకే కాబోలు
ఈగలు లేవన్న సంగతీ తెలీలేదు.

కందిసాలు నిండా పూసి, నిండా రాల్చింది.
మందు కొడదామంది వళ్లెమ్మ.
"కొట్టీ కొట్టే ఇట్లయింది అక్కా" అంది
వ్యవసాయాఫీసు నుంచి వచ్చిన నిరోష.
జేబులో పెన్ను తీసి నాకు చూపించింది:
ఈ లావు బొక్కలు,
వేలెడు లోతు,
వెనకవైపు మూసుండాలి.
నవ్వొచ్చింది.
బొక్కలు వేయడం నాకు నేర్పుతోంది!

ధర లేదని కొట్టేసిన తోతాపురి మొద్దు
పొయ్యిలోకి పోబోతుంటే లాక్కొచ్చాను.
ఖాదర్ దగ్గర డ్రిల్లు అడిగి తెచ్చాను.
పొడి రాలింది.
పసుపుపచ్చగా, మెత్తగా,
మామిడి వాసన వేస్తూ.
రెక్క చిరగకుండా నోటికి ఉప్పుకాగితం రుద్దాను.
రేకుల చూరు కింద, పొద్దుపొడుపుకు ఎదురుగా కట్టాను.
ఒక్క పూటలో నలభై బోర్లు.
కేసింగు లేదు. అప్పు లేదు.

పదిహేను రోజులు చీమ తప్ప ఎవరూ తొంగిచూడలేదు.
"నువ్వు ముట్టుకున్న పాయింటు ఎప్పుడు పడిందిలే" అంది వళ్లెమ్మ.
అన్నాక నాలిక్కరుచుకుంది.

ఆ తర్వాత కంది ఆకులకు సున్నాలు పడ్డాయి.
ఎవరో కత్తెర పెట్టి కత్తిరించినట్టు, గుండ్రంగా.
స్ప్రేయరు వీపున వేసుకుని ఆమె సాలులోకి దిగుతుంటే
గొట్టం పట్టుకున్నాను.
అప్పుడే
చొక్కా గుండీ అంత పచ్చటి ఆకుముక్క
ఎండలో తనంతట తానే ఎగురుకుంటూ
మా ఇద్దరి మధ్యనుంచి పోయి
మూడో వరసలో దూరింది.

ఇంకో ముక్క.
ఇంకోటి.
కడుపులో పొడి పొడి పసుపు పూసుకున్న నల్లటి ఈగ
ఆకుతో పరుపు వేసి, ఆకుతోనే తలుపేసింది.
వళ్లెమ్మ స్ప్రేయరు దించింది.
ఏమీ మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినపడేది కాదు.

మరుసటి వారం సన్ననడుము కందిరీగ
కందికాయ తొలిచే పురుగును ఈడ్చుకొచ్చింది.
భ్రమరం రొద విని విని పురుగే భ్రమరమైపోతుందని
మా అవ్వ కళ్ళు మూసుకుని చెప్పేది.
కాదవ్వా,
బిడ్డకు సద్ది కట్టిపెట్టి
మట్టితో తలుపు మెత్తి
పనికి పోతోంది, అంతే.

నా ఇరవై రెండేళ్ళలో
మూసిన బొక్కంటే పోయిన బోరు.
పిల్లోళ్ళు పడకుండా పైన బండ పెట్టి
వెనక్కి చూడకుండా వచ్చేసేవాళ్ళం.
ఇక్కడ మూసిందంటే నిండిందని.

రోజూ పొద్దున్నే లెక్కపెట్టి
నా సగం చెవికి అందేలా వళ్లెమ్మ అరుస్తుంది:
"ఇంకో రెండు పడ్డాయి!"

వీధిలో పోతున్న చెంగల్రాయప్ప ఆగిపోయాడు.
"పడ్డాయా? ఎన్నించీలు?"
చిటికెన వేలు చూపించాను.

ఆయన నవ్వలేదు.
దగ్గరికొచ్చి ఒక్కో మూతా వేలితో తాకీ తాకకుండా చూశాడు.
"మా కయ్యలోనూ ఒక మొద్దు పడుండాది" అన్నాడు చివరికి.
"బాడుగెంత?"

వద్దన్నాను.
సంగటి పెడితే చాలన్నాను.