గాలి పద్దు

మా మరిది ఎలెయుతేరియో చేసిన గాలిమర అది.
పాత లారీ ఆల్టర్నేటరు, చెక్కిన చెక్క రెక్కలు మూడు,
తోకకి మాత్రం ఫ్రిజ్ తలుపు కోసి బిగించాడు.
గాలి దిక్కు మార్చినప్పుడల్లా
తలుపు మీద ఎవరో ఎప్పుడో అంటించిన కోడిపుంజు
ఒకసారి కొండల్ని చూస్తుంది, ఒకసారి నన్ను.

కింద కొట్టంలో రెండు బ్యాటరీలు.
చుబుత్ చలికి బిగుసుకుపోకుండా ఉన్ని కప్పాను.
ఉన్ని లెక్కలు రాసే యంత్రానికి
ఉన్నే కాపలా.

సంఘంలో నలభై మూడు కుటుంబాలు.
ఎవరు ఎన్ని కిలోలు తూచారు,
ఎవరు ఎన్ని మేత బస్తాలు అరువు పట్టుకెళ్ళారు,
అన్నీ ఈ లాప్‌టాప్‌లోనే.
కరెంటు స్తంభాలంటారా,
నూట పది కిలోమీటర్ల అవతలే అలసి ఆగిపోయాయి.

మొదట్లో ఇన్వర్టరు కొన్నాను.
అది పన్నెండు వోల్టుల్ని రెండు వందల ఇరవైకి ఎక్కించేది,
ఛార్జరు మళ్ళీ పంతొమ్మిదికి దించేది.
బావి నీళ్ళు మేడ మీదికి మోసి
అక్కణ్ణుంచి గ్లాసులోకి ఒంపుకున్నట్టు.
దారిలో ఒలికిందంతా వేడి.
ఆ పెట్టె మీద పిల్లి పడుకునేది.
ఇప్పుడు అరచేయంత కన్వర్టరు. ఒకటే మెట్టు.
పిల్లి నాతో మాట్లాడటం మానేసింది.

గాలిలో దీపం ఆరిపోతుందంటారు.
ఇక్కడ గాలి ఆగితేనే ఆరుతుంది.

ఆగింది, సోమవారం పొద్దున.
గొర్రెలు కూడా తలెత్తి విన్నాయి.
గురువారం ఉన్ని కొనే లారీ వస్తుంది.
సోలార్ పలక ఉంది గానీ
జూలై సూర్యుడు గడప దగ్గరే నిలబడి పలకరించి పోయే చుట్టం.

సోమవారం పన్నెండు పాయింట్ ఆరు.
తెర వెలుగు సగానికి దించాను.

మంగళవారం పన్నెండు పాయింట్ మూడు.
రేడియో పీకేశాను, వంటింటి బల్బు పీకేశాను.
కొవ్వొత్తి పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న నన్ను చూసి
ఎలెయుతేరియో పొట్ట పట్టుకుని నవ్వాడు.

బుధవారం పన్నెండు.
పదకొండు పాయింట్ ఎనిమిది దాటకూడదు,
దాటితే బ్యాటరీ మళ్ళీ మనిషి కాదు.
ఇక పూర్తి పేర్లు లేవు.
పొడి అక్షరాలు.
కిలోలు.
బాకీ.

చివరి వరస ఉబాల్దినాది.
పోయిన మంచుకి మందలో సగం పోగొట్టుకుంది.
తెచ్చింది పదకొండు కిలోలు.
అరువు బస్తాలు పద్నాలుగు.
పదకొండు కొట్టాను.
పక్క గడిలో కర్సరు
ఆరుతూ వెలుగుతూ
ఆరుతూ
మూత వేసేశాను.

బ్యాటరీ అయిపోయిందని అందరికీ చెప్పాను.
మీటరు మీద పదకొండు పాయింట్ తొమ్మిది.

గురువారం తెల్లారకముందే రేకులు మోగాయి.
గాలి.
లారీ వచ్చింది, బేళ్ళు ఎక్కాయి, డబ్బులు పంచాం.
రాత్రి పద్దు తెరిచాను. కావలసినంత కరెంటు.
ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

బయట తోక తిరిగిన చప్పుడు.
కిటికీలోంచి
కోడిపుంజు నా వైపే చూస్తోంది.