నవ్విన చెక్కలు

మేనాంగ్ బడిలో వారానికి ఇరవై రెండు పీరియడ్లు లెక్కలు.
ఈ శనివారం సంభావ్యతకు సెలవిచ్చాను.
తొమ్మిదో తరగతి యూ-చెన్
వాళ్ళ అవ్వను చూపిస్తానని
కావోష్యుంగ్ రేవుకు లాక్కొచ్చింది.

పడవ దాటేది అయిదు నిమిషాలే.
స్కూటర్లు ఇంజన్లు ఆపుకుని
ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా వరసకట్టాయి.
పక్కనుంచి ఒక కంటైనర్ ఓడ
వీధి వీధంతా లేచి వెళ్ళిపోతున్నట్టు వెళ్ళింది.
దాని నీడ మమ్మల్ని వదిలేసరికి
ఒడ్డు వచ్చేసింది.

చీజిన్‌లో కాల్చిన స్క్విడ్ వాసన,
కాస్త ముందుకెళ్తే అగరు పొగ,
రెండూ ఒకదాన్నొకటి నెట్టుకునే చోట గుడి.
మాజు తల్లి ముఖం నల్లగా ఉంది.
పుట్టు నలుపు కాదట,
మూడొందల ఏళ్ళ మొక్కుల మసి.
అటొకడు ఇటొకడు కాపలా:
ఒకడికి వెయ్యి మైళ్ళు కనిపిస్తుంది,
ఒకడికి గాలి మోసుకొచ్చే మాటంతా వినిపిస్తుంది.
"వీళ్ళని పరీక్ష హాల్లో పెట్టాలి" అన్నాను.
యూ-చెన్ నవ్వలేదు.

అవ్వ పేరు షియూ-లాన్. డెబ్బై ఆరేళ్ళు.
ముంజేతి నిండా నిప్పురవ్వల మచ్చలు, ఆవాలు చల్లినట్టు.
వయసులో ఉండగా ఇదే రేవులో
గ్యాసు మంటతో ఓడలు కోసింది.
ఎన్ని అంటే వేళ్ళు చూపించి,
మళ్ళీ చూపించి, మానేసింది.

ఓడల్ని కాచే తల్లికి
ఓడల్ని కోసిన మనిషి
నెలకు రెండుసార్లు నారింజలు తెస్తుంది.
"అమ్మకు కోపం రాదా?" అని అడిగాను.
యూ-చెన్ కొంచెం నసిగి, తర్జుమా చేసింది.
"ముసలి ఓడను ఎవరో ఒకరు సాగనంపాలి కదా"
అంది అవ్వ, నారింజ తొడిమ తుంచుతూ.

తర్వాత సంచిలోంచి ఇత్తడి రేకు తీసింది.
అరచెయ్యంత. నాలుగు మూలలా మేకుల బెజ్జాలు.
ఏదో ఓడలో ఏదో గది తలుపుది.
తూకానికి వెయ్యకుండా
నలభై ఏళ్ళుగా ఇంట్లో అగరుగిన్నె పక్కన దాచింది.
"మీది గుండ్రటి రాత అని పిల్ల చెప్పింది.
ఇది ఏ దేవుడి పేరు?"

చూశాను. గుండ్రంగానే ఉంది.
సున్నాలు, అరసున్నాలు, సగం తిరిగి ఆగిపోయిన చక్రాలు.
ఒక్క తలకట్టు లేదు.
నాది కాదు. బర్మావాళ్ళదేమో.
దేవుడి పేరే కావచ్చు.
వంటగది అని కావచ్చు.
తలుపు మెల్లగా వెయ్యండి అని కావచ్చు.

అవ్వ నా నోటికేసి చూస్తోంది.
వెయ్యి మైళ్ళవాడూ ఇటే చూస్తున్నాడు.

"అమ్మని అడగండి" అని యూ-చెన్ చేతిలో చెక్కలు పెట్టింది.
ఎర్రటి జత, నెలవంకల్లా,
ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు.
ముందు పేరు, పుట్టినరోజు, చిరునామా చెప్పుకోవాలట,
లేకపోతే జవాబు ఇంకెవరింటికో పోతుందట.
తెలుగులోనే చెప్పుకున్నాను.
చిరునామా దగ్గర తడబడ్డాను:
బడి క్వార్టర్సు, మూడో అంతస్తు, జూన్ దాకా.
అప్పుడు అడిగాను,
తల్లీ, దేవుడి పేరే అని చెప్పెయ్యనా?

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరే అని.
రెండూ బోర్లా అయితే వద్దని.
రెండూ వెల్లకిలా పడ్డాయి, గచ్చు మీద ఊగుతూ.
"నవ్వుతోంది" అంది యూ-చెన్.
మళ్ళీ వేశాను. నవ్వింది.
మూడోసారీ నవ్వింది.
అరవై నాలుగింట ఒకటి,
నోరు దానంతటది లెక్క కట్టేసింది.

"నాకు చదవడం రాదవ్వా" అన్నాను.
యూ-చెన్ చెప్పింది.
నేనన్నదానికంటే చాలా పొడుగ్గా చెప్పింది.
అవ్వ రేకును చొక్కా అంచుతో తుడిచి
నారింజల పక్కన నిలబెట్టి
దండం పెట్టింది.

తిరుగు పడవెక్కేసరికి పొద్దు వాలింది.
రేవులో ఒక చేపల పడవ మీద
ఇండోనేషియా కుర్రాడు వలల కుప్ప పక్కన
గుడ్డ పరచుకుని పడమటికి మోకరిల్లాడు.
అల వచ్చి పడవ తిరిగినప్పుడల్లా
లేచి, గుడ్డ కొంచెం జరుపుకుంటున్నాడు.

"ఇంతకీ అవ్వకేం చెప్పావు?" అని అడిగాను.
యూ-చెన్ స్కూటర్లు లెక్కపెడుతోంది.
"ఇది పరీక్షలో వస్తుందా టీచర్?" అంది.