తరుగు

నెల ఇరవై తొమ్మిదో తారీఖు.
ఫిషింగ్ హార్బర్ వెనక రొయ్యల షెడ్డులో
మేడమీద గది నాది.
కిటికీ తెరిస్తే వాసన, మూస్తే ఉక్క.
తెరిచే ఉంచుతాను.
కింద నూటపద్నాలుగు మంది ఆడవాళ్ళు
గమ్‌బూట్లతో ఐసునీళ్ళలో నిలబడి తలలు తీస్తుంటే
పైన నేను వాళ్ళ నెలని గడుల్లో నింపుతుంటాను.

వాసుపల్లి నూకరత్నం. హెల్పర్. రోజుకి నాలుగువందల పది.
గనగళ్ళ దాలయ్య. ఆపరేటర్. రోజుకి ఆరువందల ఇరవై.

దాలయ్య ఆపరేట్ చేసేది ఒక కాటా.
పచ్చ మీట నొక్కితే అంకె వెలుగుతుంది.
అతని మీద నాకేం కోపం లేదు,
దొంగ తూకం ఎరగని మనిషి.
నూకరత్నం మాత్రం
ఎటో చూస్తూ పిడికెడు రొయ్యలు తీసి
"ఇది ముప్పై కౌంటు,
ఇందులోన నాలుగు పెద్దయి కలిసిపోనాయి" అంటుంది.
లెక్కపెట్టి చూస్తే అంతే.
ఇరవై రెండేళ్ళు ఐసులో చదువుకున్న వేళ్ళు అవి.
ఆ చదువుకి రిజిస్టర్లో మాట లేదు.
మాట లేని పనికి రేటుండదు.

మేనేజరుగారిని ఒకసారి అడిగాను.
"మగాళ్ళు బరువులెత్తుతారమ్మా" అన్నారు.
నిజమే, ట్రే ఇరవై ఐదు కేజీలు.
ఒక మధ్యాహ్నం ఊసుపోక లెక్కేశాను,
ఒక రొయ్య, ఇంకో రొయ్య, ఇంకో రొయ్య...
సాయంత్రానికి ఆవిడ చేతులమీదుగా
డెబ్భై కేజీల సముద్రం నడిచింది.
ఒక్కసారిగా ఎత్తలేదు గనక
అది బరువు కాదట.

అర్ధరాత్రి కంటైనరొస్తే లోడింగుకి బేటా మూడొందలు.
ఆడవాళ్ళు రాకూడదని రూలేం లేదు.
జాలారిపేటకి ఆఖరి ఆటో తొమ్మిదిన్నరకి, అంతే.
"నానొచ్చేస్తే తెల్లారి కూడెవుడొండుతాడు తల్లీ?"
అని నవ్వేసింది నూకరత్నం.
బేటా గడిలో ఆడపేర్ల ఎదుట
నేను సున్నా కూడా వెయ్యను.
గీత గీస్తాను.

ఇక నా వరస.
పక్క టేబులు సన్యాసిరావుది. ఇద్దరం ఒకే ఏడు చేరాం.
ఇంటర్వ్యూలో అతన్ని "ఎంత కావాలి?" అని అడిగారట.
నన్ను "మీవారేం చేస్తారు?" అని అడిగారు.
స్టీల్ ప్లాంటులో అన్నాను, కొంచెం గర్వంగానే.
"అయితే ఇంకేం" అన్నారు.
ఆ ఇంకేం ఖరీదు నెలకి నాలుగు వేలు.
మొన్న జీతం స్లిప్పులు ప్రింటు తీస్తుంటే తెలిసింది.
చంటిదానికి పాలు మాన్పించి తిరిగొచ్చినప్పుడు
పాత జీతానికి కొత్తగా చేర్చుకున్నారు.
మధ్యలో రెండు ఇంక్రిమెంట్లు
సముద్రంలో పోసినట్టే.
నేనూ అడగలేదు.
పెళ్ళిబంతిలో పులుసు నా దాకా రాకపోయినా
వడ్డించేవాణ్ణి కేకేసే అలవాటు లేనిదాన్ని,
వట్టన్నం తిని లేచి
భోజనం బాగుందని చెప్పినదాన్ని.

షెడ్డులో తరుగు అని ఒకటుంది.
బోటువాళ్ళ బుట్ట కాటా ఎక్కగానే
ఐసునీళ్ళ కింద నూటికి ఐదు కొట్టేస్తారు.
ఎవరూ గొడవపడరు, కారిపోయే నీళ్ళే కదా.
ఆడదాని కూలికీ అలాంటిదేదో పెట్టి ఉంటారనుకున్నాను.
వడగట్టి చూశాను, పిండి చూశాను,
ఎండబెట్టి మళ్ళీ తూచాను.
అందులో నీళ్ళు లేవు.

నిన్న సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడింది నూకరత్నం,
వేళ్ళు తెల్లగా ముడతలు పడి.
"ఏటమ్మా, ఆ కంపూటర్లోన
నా పేరు పక్కన ఏటని రాసుంటాది?"
హెల్పర్ అని, అన్నాను.
"ఎవులికి?" అంది.

ఇవాళ ఆవిడ వరసలో ఆ మాట చెరిపాను.
గ్రేడర్ అని కొట్టాను.
గడి ఎర్రబడింది.
జాబితాలో ఉన్న మాటల్లోంచే ఎంచుకోవాలట.
ఖాళీగా వదిలితే నెల మూయనివ్వదు.
ఆరున్నర. పిల్ల ట్యూషన్ నుంచి వచ్చే వేళ.
సన్యాసిరావు టిఫిను డబ్బా సర్దుకుని
"వస్తానండీ" అని వెళ్ళిపోయాడు.
కర్సర్ ఆ గడిలోనే కొట్టుకుంటోంది.
నేనింకా లేవలేదు.